పర్లాకిమిడి నుంచి ఓల్డ్ ట్రాఫర్డ్ దాకా

2022 మే 11 రాత్రి పదకొండున్నర. పర్లాకిమిడిలో మా ఇంట్లో అందరూ పడుకున్నారు. నేను మాత్రం డాబా మీద ఫోన్‌లో ఎఫ్‌ఏ యూత్ కప్ ఫైనల్ పెట్టుకున్నాను. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల కుర్ర జట్ల పోటీ అది. మాంచెస్టర్ యునైటెడ్ పిల్లల ఆట చూడటానికి ఆ క్లబ్ సొంత స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌కి 67,492 మంది వచ్చారంటే నమ్మబుద్ధి కాలేదు! నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద 3-1తో గెలిచారు. ఆ జట్టులోని గర్నాచో రెండు గోల్స్ కొట్టాడు.

అప్పటి నుంచి సీనియర్ జట్టు కంటే ఈ కుర్రాళ్ళ మీదే నాకు బెంగ. ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరిని లోన్ మీద (కొంతకాలం వేరే క్లబ్‌కి ఆడటానికి) పంపారు, రోజూ అదే వెతుకులాట. 1937 అక్టోబర్ నుంచి ఆ క్లబ్ ప్రతి మ్యాచ్ జట్టులోనూ సొంత అకాడమీలో శిక్షణ పొందిన కుర్రాడు ఒక్కడైనా ఉంటున్నాడు. నాకు ఏ ట్రోఫీ కన్నా అదే గొప్ప.

2024 మే 25న సీనియర్ జట్ల ఎఫ్‌ఏ కప్ ఫైనల్. మాంచెస్టర్ సిటీ మీద 2-1తో యునైటెడ్ గెలిచింది. గోల్స్ కొట్టింది గర్నాచో, మైనూ. ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళే. మైనూ గోల్ పడగానే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్కనున్న మా పిన్ని కొడుకు కంగారుపడి "అన్నయ్యా, ఏమైంది?" అన్నాడు.

ఆ రాత్రి రీస్ బెన్నెట్ కూడా గుర్తొచ్చాడు. యూత్ ఫైనల్‌లో మొదటి గోల్ అతనిదే. సీనియర్ జట్టు తరఫున లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ పేరు నేను మర్చిపోలేను.

మా తమ్ముడు ఇప్పుడు రోజూ పొద్దున్నే ఐదింటికి బూట్లు వేసుకుని గ్రౌండ్‌కి పోతున్నాడు. వాడి వెంట నేనూ.