పేజ్‌మేకర్ వదిలి యూనికోడ్‌కి మారిన డీటీపీ ఆపరేటర్ని: నా అనుభవం

నేను డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) ఆపరేటర్ని. ఈ మధ్య ఎవరికైనా చెబితే "అంటే టైపింగా?" అంటున్నారు, అందుకని ముందే చెప్పేస్తున్నా: పుస్తకాలు, మాసపత్రికలు, శుభలేఖలు, కరపత్రాలు అచ్చుకి వెళ్లేముందు వాటిని పేజీలుగా తయారుచేసేది మేమే. డిగ్రీ అవగానే విజయవాడలో ఒక ప్రెస్సులో చేరాను, పెళ్లయ్యాక ఇంట్లోనే సిస్టమ్ పెట్టుకున్నాను. పేజీలు పెట్టడానికి పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరు, తెలుగుకి అను ఫాంట్లు, టైపింగుకి ఆపిల్ కీబోర్డు (అది మీటల అమరిక పేరు). చాలా ఏళ్లు వీటి మీదే బండి నడిచింది.

అక్కణ్ణుంచి యూనికోడ్‌కి, అంటే ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లో దాని సొంత నంబరు ఉండే పద్ధతికి, రావడానికి పడ్డ తంటాలు రాస్తున్నాను. మావాళ్లలో ఇప్పటికీ మారదామా వద్దా అని ఊగుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి పనికొస్తుందని.

అసలు ఇంతకాలం ఎందుకు మారలేదంటే, అవసరం పడలేదు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ వాళ్లు దాన్ని వదిలేసి, పేజీలు పెట్టే తమ ఇంకో సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్ చూసుకున్నారు. తమాషా ఏమిటంటే అదే 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది, అందులో గౌతమి ఫాంటుతో సహా తెలుగు యూనికోడ్ ఉంది. అంటే మా సాఫ్ట్‌వేర్ ఆగిపోయిన ఏడాదే కొత్త దారి తెరుచుకుంది, మేమెవరమూ అటు చూడలేదు. అనులో మనం కొట్టే తెలుగు కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే గళ్లలో తలకట్లు, కొమ్ములు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టి తెర మీద తెలుగులా కనపడేట్టు చేస్తారు, ఫాంటు తీసేస్తే మిగిలేవి పిచ్చి గీతలు. కానీ కాగితానికి ఆ తేడా ఏం తెలుస్తుంది? పేజీ అందంగా ఉంటే చాలు, ఆ అందం అనులో ఉండేది. ఆ మాట ఇప్పటికీ అంటాను.

దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. మాకు డబ్బులు ప్రధానంగా టైపింగులో వచ్చేవి, పేజీకి ఇంత అని. రచయితలు చేతిరాత కాగితాలు తెచ్చిచ్చేవారు. మెల్లగా ఆ కాగితాలు తగ్గి, వాట్సాప్‌లో మ్యాటర్ రావడం మొదలైంది. ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేసేస్తోంది కదా. "మ్యాటరంతా నేనే కొట్టేశానమ్మా, మీరు పేజీలు పెట్టిస్తే చాలు, టైపింగు చార్జీ ఉండదు కదా" అని చాలా మర్యాదగా అడిగేవారు. వాళ్ల తప్పేం లేదు. కానీ అదంతా యూనికోడ్, పేజ్‌మేకర్‌లో పేస్టు చేస్తే ప్రశ్నార్థకాలు తప్ప ఏమీ రావు. దాన్ని మళ్లీ అనులోకి తిప్పుకోవడం, ఒత్తులు సరిచేసుకోవడం, ఇదంతా ఎవరూ డబ్బులివ్వని చాకిరీ. ఇంతలో ఒక ప్రచురణకర్త నేను ఎప్పుడో చేసిన పుస్తకాన్ని ఈ-బుక్‌గా వేస్తానని, యూనికోడ్‌లో ఫైలు కావాలని అడిగారు. ఇక కూర్చోక తప్పలేదు.

ముందు కీబోర్డు. ఆపిల్ లేఅవుట్‌తోనే యూనికోడ్ కొట్టుకునే కీబోర్డు సాఫ్ట్‌వేర్లు దొరుకుతాయి, చేతులు మార్చుకోలేమనుకునేవాళ్లు అవి వాడుకోవచ్చు. నేను ఇన్‌స్క్రిప్టు అనే ఇంకో అమరిక నేర్చుకున్నాను, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా విడిగా ఏమీ వేసుకోనక్కర్లేదని. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. పద్ధతిగానే ఉంటుంది కానీ మొదట్లో ఒంటి మీద చెమటలు పట్టేవి. ఒత్తుకి అనులో దాని మీట దానికుంది, ఇక్కడ హల్లు, పొల్లు, మళ్లీ హల్లు కొట్టాలి. స్త్రీ అన్న ఒక్క అక్షరానికి ఆరు మీటలు. వేళ్లు పాత దారిలోనే పోతాయి, స్పీడు పడిపోతుంది, డెలివరీ డేటు దగ్గర పడుతుంది, టెన్షన్. అందుకని అర్జెంటు పనులు అనులోనే చేస్తూ, తీరికగా చెయ్యగలిగినవి మాత్రం కొత్తదాంట్లో చేశాను. రెండూ కలిపి నేర్చుకోకూడదని కొందరన్నారు గానీ, ఇల్లు గడవాలంటే మరో దారి లేదు.

తర్వాత పాత ఫైళ్ల మార్పిడి. కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. అయితే అది తెలుగో ఇంగ్లీషో కన్వర్టర్‌కి తెలియదు, దానికి రెండూ ఒకే గళ్లు. కాబట్టి వాక్యం మధ్యలో ఇంగ్లీషు పదమో వెబ్‌సైటు అడ్రసో ఉంటే దాన్ని కూడా తెలుగు చేసేసి, ఏ భాషలోనూ లేని కారుకూతలు పెడుతుంది. ఆ ఈ-బుక్కులో ఫుట్‌నోట్లన్నీ ఇలాగే తగలబడ్డాయి. చివరికి నేను పాటిస్తున్న పద్ధతి ఇది: మార్చేముందే ఇంగ్లీషు ముక్కలన్నీ పక్కకి తీసి, వాటి స్థానంలో ఒక నంబరు పెట్టి, తెలుగు మారాక తిరిగి చేర్చడం. విసుగు పుట్టే పనే, కానీ దీనికంటే సులువైనది నాకింకా దొరకలేదు.

ఇన్‌డిజైన్‌కి నెలనెలా అద్దె కట్టాలి, చిన్నవాళ్లకి అది భారమే. అలాంటిదే స్క్రైబస్ ఉచితం, కొత్త వెర్షన్లలో తెలుగు ఒత్తులు సరిగ్గానే వస్తున్నాయి, కానీ ప్రెస్సువాళ్లకి అలవాటైంది ఇన్‌డిజైన్ కాబట్టి నేను దానికే వెళ్లాను. మొదటిసారి తెలుగు పేస్టు చేస్తే ఒత్తులన్నీ విడిపోయి పొల్లులు కనబడతాయి, కంగారు పడకండి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ అని ఉంటుంది, అది పెడితే సర్దుకుంటాయి. ఫాంట్లకి కొరత లేదు, రామభద్ర, మండలి, సురన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇంకొకటి, ఫోన్లో కొట్టిన మ్యాటర్లో సాఫ్ట్‌వేర్ అనేది చాలాసార్లు సాఫ్ట్వేర్ అని ట ఒత్తుకి తోడు వ కూడా ఒత్తుగా మారి వస్తుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పెడితేనే అది విడిపోతుంది. ఇలాంటివి పుస్తకం మొత్తం వెతికి ఒకేసారి మార్చుకోవచ్చు, అనులో చేసినదాంట్లో నెట్ బ్రౌజరో ఇంకో సాఫ్ట్‌వేరో తెలుగు మాట వెతికిపెట్టడం అన్నదే లేదు. పదసూచిక తయారుచెయ్యడం ఎంత తేలికైందో పాతవాళ్లకే తెలుస్తుంది.

నేను చేరిన ప్రెస్సులో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఒకరుండేవారు. అంతకుముందు హ్యాండ్ కంపోజింగ్ చేసినాయన. సీసం అక్షరాలు గళ్లలోంచి ఒక్కోటీ ఏరి స్టిక్కులో పేర్చడం, అదీ తిరగేసిన అక్షరాల్ని చదువుకుంటూ. మేం కంప్యూటర్లతో వచ్చాక ఆయన్ని బైండింగుకి మార్చి జీతం తగ్గించారు. అయినా ఫైనల్ ప్రూఫు మాత్రం ఓనరు ఆయన చేతికే ఇచ్చేవారు. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసేవారు, చదవడానికి కాదు, లైనుల మధ్య తెలుపు ఎక్కడ కాలవ కట్టిందో కనిపెట్టడానికి. "ఇక్కడ చూడమ్మాయ్, పొడుగు మాట పడి లైను సాగింది, విరిచెయ్" అనేవారు. తెలుగులో సంధులతో బారెడు మాటలొస్తాయి కదా, రెండువైపులా సమానంగా సర్దితే ఆ ఖాళీలు తప్పవు. ఆయన పని మేం లాక్కున్నప్పుడు మాకేమీ అనిపించలేదు, ఇప్పుడు మా టైపింగు ఫోను లాక్కుంటే అన్యాయం అనడానికి నాకైతే నోరు రాదు.

ఇప్పుడు టైపింగుకి విడిగా రేటు చెప్పడం మానేశాను. ఫుల్‌స్టాపుల్లేకుండా మాట్లాడి పంపిన మ్యాటర్ని సరిచెయ్యడం, పేజీలు పెట్టడం, ప్రూఫు చూడటం, అన్నీ కలిపి పుస్తకానికింత అంటున్నాను. బేరాలాడతారు, కొందరు వెళ్లిపోతారు, వెళ్లి తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. వెనకటి రాబడి లేదు, పని మాత్రం ఆగలేదు. శుభలేఖల వాళ్లకి ఇప్పటికీ అనూనే నచ్చుతుంది కాబట్టి అదీ ఉంచాను.

పాత ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్పించుకునే రచయితలు, ప్రచురణకర్తలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒకమాట. సీడీ ఒక్కటే పంపకండి, అచ్చయిన పుస్తకం కాపీ ఒకటి కూడా జతచెయ్యండి. పక్కన పెట్టుకుని చూడకపోతే కన్వర్టర్ ఎక్కడ ఏ ఒత్తు మింగిందో ఎవరికీ తెలియదు.