గౌరవ ఆల్డర్‌మన్

ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ కౌన్సిల్ (మన జిల్లా పరిషత్ లాంటిది) సభ. చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి. ఏడుసార్లు కౌన్సిలర్‌గా గెలిచిన పెద్దాయన మాత్రం గ్యాలరీలో చేతికర్ర పట్టుకుని తల వంచుకునే కూర్చున్నారు. ఇవాళ లైవ్‌లో చూస్తుంటే గొంతు పట్టేసింది.

ఇంగ్లండ్ కౌంటీ కౌన్సిళ్లలో ‘గౌరవ ఆల్డర్‌మన్’ అంటే మంచి సేవ చేసిన మాజీ కౌన్సిలర్‌కిచ్చే గౌరవ బిరుదు. అది ఊరికే రాదు. 1972 స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం దీనికోసమే ప్రత్యేకంగా సమావేశం పెట్టాలి. ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. పదవి దిగిపోయినవాళ్లకే ఇస్తారు. సభలో ఓటుండదు, భత్యమూ రాదు.

మన జెడ్పీటీసీకి ఐదేళ్లు, అక్కడ నాలుగు. ఏడుసార్లంటే 28 ఏళ్లు! రెండంచెల కౌంటీల్లో, అంటే పైన కౌంటీ కౌన్సిలూ కింద చిన్న జిల్లా కౌన్సిళ్లూ ఉన్నచోట, రోడ్లమీద గుంతలు, ముసలివాళ్ల సంరక్షణ, లైబ్రరీలు కౌంటీవి. చెత్తబండి జిల్లా కౌన్సిల్‌ది. జనానికి ఆ తేడా ఎందుకు? చెత్త ఎత్తకపోయినా ఫోన్ ఈయనకే.

అన్నేళ్లలో అసలు గండం జబ్బు చేసినప్పుడే. వరసగా ఆరు నెలలు ఏ సమావేశానికీ రాకపోతే సీటు పోతుంది. కారణం చెప్పి కౌన్సిల్ ఆమోదం తెచ్చుకోవచ్చు, కానీ గడువు తీరకముందే. ఒక్కరోజు దాటినా ఇక ఎవరూ ఏమీ చేయలేరు. ఈలోపు ఒక్క కమిటీకి వచ్చి కూర్చున్నా చాలు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఆ చేతికర్రతోనే కమిటీ గదికి వచ్చిన రోజులున్నాయట.