ఫ్రాన్స్ సంగతి సరే, పక్కింటివాళ్ల సంగతేంటి?

ఆఫ్రికాలో పద్నాలుగు దేశాలు వాడే సీఎఫ్ఏ ఫ్రాంక్ అనే కరెన్సీ మాటెత్తితే చాలు, అందరూ ఫ్రాన్స్‌ని తిట్టడం మొదలుపెడతారు. తప్పని అనను, తిట్టాల్సినవి బోలెడున్నాయి, కింద నేనూ కొన్ని తిడతాను. కానీ 2022 జనవరిలో మాలి దేశానికి ఏం జరిగిందో చదివాక నాకు ఒకటి అనిపించింది, ఈ కథలో ఇంకో పాత్ర కూడా ఉంది, దాని జోలికి మాత్రం ఎవరూ పెద్దగా వెళ్లరు. పక్క దేశాలు.

తెలియనివాళ్ల కోసం ముందు గబగబా చెప్పేస్తా. 1945 డిసెంబర్ 26న ఫ్రాన్స్ తన ఆఫ్రికా కాలనీల కోసం ఈ కరెన్సీ పుట్టించింది. 1960 వచ్చేసరికి దాదాపు అందరికీ స్వాతంత్ర్యం వచ్చేసింది, జెండాలు మారాయి, పాటలు మారాయి, డబ్బు మాత్రం అదే ఉండిపోయింది. ఇప్పుడు వీళ్లు రెండు గుంపులు. పశ్చిమాన సెనెగల్, మాలి, ఐవరీ కోస్ట్, బుర్కినా ఫాసో, నైజర్, టోగో, బెనిన్, గినియా బిస్సావ్ కలిసి ఎనిమిది, వీళ్ల సెంట్రల్ బ్యాంక్ బీసీఈఏఓ సెనెగల్ రాజధాని డకార్‌లో ఉంది. మధ్య ఆఫ్రికాలో కామెరూన్, గాబన్, చాద్, కాంగో రిపబ్లిక్, సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్, ఈక్వటోరియల్ గినియా కలిసి ఆరు, వీళ్ల బ్యాంక్ బీఈఏసీ కామెరూన్ రాజధాని యావుండేలో. రెండు ఫ్రాంకులకీ యూరోతో రేటు ఒకటే, ఒక యూరోకి 655.957, అది 1999 నుంచి మారలేదు.

రేటు ఒకటే, పేరూ దాదాపు ఒకటే, కానీ ఇక్కడి నోటు అక్కడ చెల్లదు! నైజర్, చాద్ పక్కపక్కనే ఉన్నాయి, సరిహద్దు ఒకటే, నైజర్ నోటు పట్టుకుని చాద్‌లోకి వెళ్తే అది వేరే దేశం డబ్బే, మార్చుకోవాల్సిందే, ఒకరి నోట్లు ఒకరు వెనక్కి తీసుకోవడం 1993లోనే ఆపేశారు. కాగితం మీద సమానం, సంతలో కాదు.

పశ్చిమ ఆఫ్రికా నోట్ల మీద నాకు కొంచెం పిచ్చి ఉంది కాబట్టి ఇంకో ముక్క. వెయ్యి నోటుకి ఒకవైపు ఒంటెలుంటాయి, ఇంకోవైపు రంపం లాంటి మూతి ఉన్న చేప బొమ్మ, అది ఆకాన్ జనం బంగారం తూచడానికి వాడిన తూకపురాయి నుంచి తీసుకున్నది, బ్యాంక్ గుర్తు కూడా అదే. అన్ని దేశాలకీ డిజైన్ ఒకటే, కానీ నోటు మీద ఒక అక్షరం వెతకండి. కె అంటే సెనెగల్‌ది, ఎ అంటే ఐవరీ కోస్ట్, డి మాలి, హెచ్ నైజర్, సి బుర్కినా. ఎనిమిది దేశాల్లో ఎక్కడైనా చెల్లుతుంది, కానీ ఎవరి నోటు ఏదో లెక్క మాత్రం ఉంటుంది. ఇ అక్షరం మౌరిటానియాది, వాళ్లు 1973లో బయటికెళ్లి సొంతంగా ఊగియా పెట్టుకున్నారు.

ఇక ఫ్రాన్స్. ఈ దేశాలు సంపాదించిన విదేశీ మారకంలో పెద్ద వాటా, మొదట్లో మొత్తం, తర్వాత 65 శాతం, ఆ తర్వాత 50 శాతం, ఫ్రెంచ్ ట్రెజరీలో ఒక ఖాతాలో పెట్టాల్సి ఉండేది, బదులుగా సీఎఫ్ఏని ఎప్పుడైనా తన డబ్బులోకి మారుస్తామని ఫ్రాన్స్ గ్యారంటీ. బ్యాంక్ బోర్డుల్లో ఫ్రెంచ్ ప్రతినిధులు. నోట్లు అచ్చయ్యేది ఫ్రాన్స్‌లోని షమాలియేర్‌లో. ఇవన్నీ ఒకెత్తు, 1994 జనవరి ఒక్కటే ఒకెత్తు. అప్పటిదాకా 50 సీఎఫ్ఏ ఒక ఫ్రెంచ్ ఫ్రాంక్, 1948 నుంచీ అదే రేటు (మధ్యలో ఫ్రాన్స్ తన ఫ్రాంక్‌కి రెండు సున్నాలు కొట్టేసింది, ఆ లెక్క సరిచేసుకుంటే). జనవరి 11న డకార్‌లో అందరినీ కూర్చోబెట్టారు, తెల్లారేసరికి 100 సీఎఫ్ఏ ఒక ఫ్రాంక్ అయిపోయింది. సగానికి సగం! మందులు, పెట్రోలు, బయట్నుంచి వచ్చే ప్రతి వస్తువూ భగ్గుమంది. డీవాల్యుయేషన్‌కి గట్టిగా అడ్డుపడ్డ ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు ఉఫువే బోయినీ అంతకు నెల ముందే, 1993 డిసెంబర్ 7న చనిపోయాడు. పత్తి, కోకో ఎగుమతులకి తర్వాత కలిసొచ్చిన మాట నిజమే, కానీ ఆ ఉదయం మందుల షాపు ముందు నిలబడ్డవాడికి ఆ నిజంతో పనేముంది.

మరి బయటికి పోవచ్చుగా అంటారా? పోయారు. గినియా అందరికన్నా ముందు, ఫ్రాన్స్ పెట్టే కూటమిలో ఉంటారా అని అడిగిన 1958 సెప్టెంబర్ రెఫరెండంలో ఫ్రెంచ్ నాయకుడు డి గాల్‌కి వద్దు అని మొహం మీదే చెప్పి, 1960 మార్చి 1న సొంత నోట్లు తెచ్చుకుంది. ఫ్రెంచ్ గూఢచారి శాఖ దొంగనోట్లు అచ్చేసి ఆ దేశంలోకి తోసింది. మాలి 1962లో అధ్యక్షుడు మోదిబో కైతా హయాంలో వేరు కాపురం పెట్టింది, రాజధాని బమాకోలో వ్యాపారులు రోడ్డెక్కారు, 1967లో కొత్త ఫ్రాంక్ విలువ సగం కోసేశారు, చివరికి 1984లో రెండు మాలి ఫ్రాంకులకి ఒక సీఎఫ్ఏ లెక్కన వెనక్కొచ్చేసింది. టోగో అధ్యక్షుడు ఒలింపియో సొంత కరెన్సీకి ఏర్పాట్లు చేసుకుంటుండగా 1963 జనవరి 13న హత్యకి గురయ్యాడు. నెట్‌లో చాలామంది ఈ రెండిటికీ ముడిపెట్టేస్తారు, నేను అంత దూరం పోను, చంపింది ఫ్రెంచ్ సైన్యంలో పనిచేసి ఇంటికొచ్చిన మాజీ సైనికులు, మమ్మల్ని సైన్యంలో తీసుకోవట్లేదని వాళ్ల గొడవ వాళ్లకుంది.

ఇంకోటి, లోపలికి రావాలని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఈక్వటోరియల్ గినియా స్పెయిన్ కాలనీ, 1985లో చేరింది. గినియా బిస్సావ్ పోర్చుగల్ కాలనీ, తన పెసోని 65కి ఒకటి లెక్కన వదిలేసి 1997లో చేరింది. వీళ్లని ఫ్రాన్స్ మెడపట్టి లాక్కురాలేదు కదా. పక్కనే ఘనా సొంత కరెన్సీతో ఉంది, 2022 డిసెంబర్‌లో అక్కడ ద్రవ్యోల్బణం 54 శాతం దాటింది, ఈ ఎనిమిది దేశాల సగటు ఆ ఏడాది పది లోపే. రేటు యూరోకి కట్టేసి ఉండటం వల్ల పరిశ్రమలు ఎదగట్లేదనే వాదనా బలమైందే, కానీ జీతం డబ్బు నెలాఖరుకి కరిగిపోకుండా ఉండటం చిన్న విషయం కాదు.

సరే, అసలు విషయానికొస్తా. 2019 డిసెంబర్ 21న అబిజాన్‌లో ఫ్రెంచ్ అధ్యక్షుడు మాక్రాన్, ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు వటారా పక్కపక్కన నిలబడి పశ్చిమ ఎనిమిది దేశాలకి కొత్త ఏర్పాటు ప్రకటించారు, ట్రెజరీ ఖాతాలో డబ్బు పెట్టక్కర్లేదు, ఫ్రెంచ్ ప్రతినిధులు బోర్డుల్లోంచి లేచిపోతారు, పేరు ఎకో అవుతుంది. పేరు ఇప్పటికీ మారలేదు, గ్యారంటీ అలాగే ఉంది, కానీ రిజర్వులు, అంటే ఆ ఖాతాలో పెట్టిన విదేశీ మారకం, వెనక్కొచ్చాయి, ప్రతినిధులు వెళ్లారు. అంటే తాళంచెవి డకార్ చేతికొచ్చినట్టే.

ఆ తాళంచెవితో మొదట చేసిన పెద్ద పని ఏంటో తెలుసా? 2022 జనవరి 9న ఘనా రాజధాని అక్రాలో పొరుగు దేశాల అధ్యక్షులు, అంటే ఎకోవాస్ అనే పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి వాళ్లు, కూర్చుని, మాలిలో సైనిక ప్రభుత్వం ఎన్నికలు వాయిదా వేసిందని ఆంక్షలు పెట్టారు, సరిహద్దులు మూసేశారు, బీసీఈఏఓలో ఉన్న మాలి ప్రభుత్వ డబ్బు స్తంభింపజేశారు. ఖాతాలో డబ్బుంది, అప్పు వాయిదా కట్టాలి, కట్టడానికి వీల్లేదు! డబ్బు లేక కాదు, డబ్బు ముట్టుకోనివ్వక ఎగవేతదారు అయింది. జులైలో గానీ ఎత్తేయలేదు. ఏడాది తిరిగేసరికి నైజర్ వంతు, 2023 జులై 26న తిరుగుబాటు, నాలుగు రోజుల్లో ఆంక్షలు, ఆ నెల 31న జరగాల్సిన 3,000 కోట్ల ఫ్రాంకుల బాండ్ల అమ్మకం రద్దు, ప్రాంతీయ మార్కెట్‌లో అప్పు పుట్టే దారి బంద్. సైనిక పాలకుల మీద నాకేం ప్రేమ లేదు, కానీ జీతం ఆగేది టీచర్‌కి, జనరల్‌కి కాదు.

ఇందులో నన్ను బాగా తినేసిన విషయం ఒకటుంది. మాలి చుట్టూ ఉన్న మిగతా ఎకోవాస్ దేశాలు తలుపులేసుకుంటే సరిహద్దు తెరిచే ఉంచుతానన్నది ఎవరు? గినియా. 1960లో సొంత నోట్లు తెచ్చుకున్న అదే గినియా. అప్పట్లో అక్కడా సైనిక ప్రభుత్వమే, సానుభూతి అందుకే అనుకోండి, కానీ సొంత ఫ్రాంక్ ఉండబట్టి దాని ఖాతాలు డకార్‌లో కూర్చుని ఎవరూ ఆపలేరు, అది మాత్రం వాస్తవం.

అందుకే ఫ్రాన్స్ పోతే అంతా సర్దుకుంటుంది అనే మాట నాకు మింగుడుపడదు. ఉమ్మడి కరెన్సీ అంటే రేటు, నోట్లు, రిజర్వులే కాదు, నీ ప్రభుత్వం ఖాతా కూడా పక్కవాళ్ల ఓటు మీద ఉంటుంది. మాలి, బుర్కినా, నైజర్ 2025 జనవరి 29న ఎకోవాస్ నుంచి బయటికొచ్చేశాయి, ఫ్రెంచ్ సైన్యాన్ని అంతకుముందే పంపించేశాయి, అయినా సీఎఫ్ఏ వదల్లేదు. ఎలా వదుల్తాయి? అప్పులన్నీ అందులోనే, జనాల దాపుడు డబ్బంతా అందులోనే, రిజర్వులేమో ఎనిమిదిమందివీ ఒకే కుప్పలో. ఎకో 2027లో వస్తుందంటున్నారు. నోటు మీద ఎవరి బొమ్మ, యూరోకి కట్టాలా వద్దా అని వాదించుకుంటున్నారు, బానే ఉంది, కానీ ఒక సభ్యదేశం ఖాతాని ఎవరు, ఎప్పుడు, ఎంతమంది ఒప్పుకుంటే ఆపొచ్చు అనేది ముందే రాసుకుంటున్నారా లేదా, నేను చూసేది మాత్రం ఆ పేజీయే.