కోసిన తీగ చివర నీటిబొట్టు

పరిశుద్ధ దేశం చూడాలని పదేళ్లు ప్రార్థించాను. తీరా మార్చి మొదటి వారంలో అక్కడ అడుగుపెట్టాక మూడు రోజుల పాటు నాకేమీ అనిపించలేదు. ఈ మాట రాయడానికి బాధగానే ఉంది. గలిలయ సముద్రం మీద పడవలో అందరూ కళ్లు మూసుకుని పాడుతుంటే నేను వీడియో తీస్తున్నాను. కపెర్నహూము సమాజమందిరపు రాళ్ల మధ్య నిలబడి మావాళ్లలో ఎవరు వెనకబడ్డారో లెక్కపెడుతున్నాను.

ఆ ఎండిపోవడం అక్కడ మొదలైంది కాదు. ఏడాదిగా సండే స్కూల్, స్త్రీల కూడిక, క్వయర్ ప్రాక్టీస్, ఆసుపత్రుల్లో పరామర్శలు... ఒక్కరోజు ఖాళీ లేదు. బైబిల్ తెరిచేదాన్ని, రేపు ఎవరికి ఏం చెప్పాలో వెతుక్కోవడానికి. ప్రార్థన చేసేదాన్ని, పదిమంది ముందు. ఊరికే యేసయ్య దగ్గర కూర్చుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు. చిన్న మాటకే విసుగు, రాత్రయితే టెన్షన్.

నాలుగో రోజు బేత్లెహేము దాటి, హెబ్రోను వైపు కొండల్లో ఒక ద్రాక్షతోట దగ్గర బస్సు ఆగింది. తోటంతా కలిపి ఒక్క ఆకు లేదు. నల్లటి మొద్దులు, వాటికి కురచగా కత్తిరించిన తీగలు. తోట పెద్దాయన చెయ్యి ఊపి నన్ను దగ్గరికి పిలిచి, కోసిన ఒక తీగ చివర చూపించాడు. అక్కడొక నీటిబొట్టు. అద్దంలా తేటగా ఉంది. చూస్తుండగానే నిండి, బరువెక్కి, జారిపడింది. అదే చోట ఇంకోటి ఊరడం మొదలైంది.

వాన పడిందా అని అడిగాను. కాదట. చలి తగ్గి నేల వెచ్చబడగానే వేళ్లు నీటిని పైకి నెడతాయి, ఇంకా ఆకులు రాలేదు కాబట్టి అది కోసిన చోటు నుంచి కారిపోతుంది అని గైడ్ ఆయన మాటలు మాకు చెప్పాడు. పైకి చూస్తే తోట చచ్చినట్టే ఉంది. లోపల మాత్రం మొగ్గ కళ్లు తెరవకముందే వేరు దాని కోసం పని మొదలుపెట్టేసింది.

కింద పడి ఉన్న తీగ ఒకటి తీసుకున్నాను. రెండు రోజుల కింద కోసిందట. మొగ్గలు దానికీ ఉన్నాయి. చూడ్డానికి చెట్టు మీద ఉన్నదానికీ దీనికీ తేడా లేదు. కోసిన చివర వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. నా సంగతి నాకు అర్థమైంది. అక్కడే ఏడ్చేశాను.

ఈ కర్రను దేనికి వాడతారని మా పాస్టర్ గారు అడిగితే, పొయ్యిలోకి తప్ప దేనికీ రాదన్నాడాయన. గిన్నె తగిలించే మేకుకైనా పనికిరాదని బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం 15లో ఉన్నది ఇదే. పోయినేటి తీగ మీద ఈ ఏడు వచ్చే కొత్త రెమ్మలకే కాయ పడుతుందని, కోయకుండా వదిలేస్తే తీగలు అల్లుకుపోయి పండు చిన్నదైపోతుందని కూడా చెప్పాడు. నేనైతే ఒక్క కొమ్మనూ కోయనివ్వలేదు.

ఆ సాయంత్రం యెరూషలేములో, సీయోను కొండ మీద, ప్రభువు చివరి రాత్రి శిష్యులతో భోజనం చేశాడని చెప్పే మేడగది చూసి వచ్చాక యోహాను సువార్త 15వ అధ్యాయం చదువుకున్నాం. 14వ అధ్యాయం చివర ప్రభువు “లెండి, యిక్కడనుండి వెళ్లుదము” అంటాడు. 18వ అధ్యాయం మొదట్లో గెత్సేమనే వైపు కెద్రోను వాగు దాటతాడు. “ద్రాక్షావల్లిని నేను, తీగెలు మీరు” అన్న మాట ఆ మధ్యలోది. హేరోదు కట్టించిన దేవాలయ ద్వారం మీద మనిషంత ఎత్తు గుత్తులతో బంగారు ద్రాక్షతీగ ఉండేదని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అలాంటి పట్టణంలో ఆయన నిజమైన ద్రాక్షావల్లిని నేనే అన్నాడు.

ఆ అధ్యాయం ఎన్నిసార్లు బోధించానో! కానీ నాలుగో వచనం నుంచి పదో వచనం దాకా ఆయన పదేపదే చెప్పింది తనలో నిలిచి ఉండమని. ఫలించడం నిలిచి ఉన్నవాడికి దానంతటదే వచ్చేది. పైగా ఎవరితో చెప్పాడు? ఇంకొన్ని గంటల్లో తనను వదిలి పారిపోయేవాళ్లతో. అది తెలిసే చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ ప్రేమే.

క్వయర్ బాధ్యత వేరేవాళ్లకు ఇవ్వమని పాస్టర్ గారిని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. “ప్రార్థన చేద్దాం అమ్మా” అన్నారు.

మర్నాడు ఉదయం, ఆ రాత్రి ప్రభువు ప్రార్థించిన గెత్సేమనే తోట. అక్కడి ఎనిమిది ఒలీవ చెట్లలో మూడింటి మాను వయసు దాదాపు 900 ఏళ్లని పరీక్షల్లో తేలిందట. ఫోన్ సంచిలో పెట్టేసి, పేర్ల లిస్టు ఒక సిస్టర్ చేతికిచ్చి, గోడ పక్కన కూర్చున్నాను. ప్రార్థనకు మాటలు రాలేదు. “యేసయ్యా, ఇక్కడున్నాను” అని మాత్రం అన్నాను.

కాసేపటికి మా బృందంలోని మామ్మగారు వచ్చి భుజం తట్టారు. “బస్సు వచ్చేసిందమ్మా.”

“మీరు వెళ్లండి మామ్మగారూ, ఐదు నిమిషాల్లో వస్తాను.”

ఆవిడ వెళ్లలేదు. మెల్లగా నా పక్కనే కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నారు.