అడుగుల అరిసెల రోజున ఇంటి పిజ్జా: ఇరవై మందికి లెక్క

బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు. మన శ్రీకాకుళం వైపు ఈ వరస తప్పదు, తప్పనక్కర్లేదు కూడా. కాకపోతే అరిసెల మీద నడిచేది ఒక్క గుంటడే (పిల్లాడే). చూడ్డానికి వచ్చిన మిగతా గుంటలు సాయంత్రానికి అరిసె ముట్టరు, పిజ్జా అంటారు. గారెలూ పులిహోరా ఎలాగూ ఉంటాయి కాబట్టి ఇరవై మందికి తొమ్మిదంగుళాల పిజ్జాలు 7 చాలు, ఒక్కోటి ఆరు ముక్కలు.

కిలో మైదా, 600 మి.లీ. నీళ్ళు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు (తలగొట్టిన టీ చెంచాడు), ఉప్పు 18 గ్రాములు, పంచదార 20, నూనె 30. పిజ్జా పుట్టిన ఇటలీ ఊరు నేపుల్స్‌లో పిండిలో పంచదారా నూనే వెయ్యరు. వాళ్ళ కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటుతుంది, నిమిషం, నిమిషంన్నరలో కాలిపోతుంది. మన ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 250 దగ్గర ఆగిపోతుంది. ఆ వేడికి రంగు రావాలంటే పంచదార, ఎక్కువసేపు కాలినా బిరుసెక్కకుండా ఉండాలంటే నూనె కావాలి.

ముందురోజు రాత్రి మైదా, ఈస్ట్, కుండలో చల్లటి నీళ్ళు, ఈ మూడే కలపండి. వేడినీళ్ళు వద్దు, 55 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది. వానాకాలం సముద్రపు గాలికి మైదా ముందే తేమ పట్టి ఉంటుంది, అప్పుడు ఒక 40 మి.లీ. నీళ్ళు ఆపుకుని చూసి పొయ్యండి. మూతపెట్టి 20 నిమిషాలు వదిలెయ్యండి. ఇప్పుడు అందులోంచి 70 గ్రాముల ముద్ద తీసి పక్కన పెట్టండి. ఉప్పూ పంచదారా తగలని ఈ ముద్ద పండగ ఎవరిదో ఆ బుజ్జిగాడికి.

మిగిలినదాంట్లో ఉప్పు, పంచదార, నూనె వేసి పది పన్నెండు నిమిషాలు మర్దించాలి. చపాతీ పిండి కంటే మెత్తగా, బొబ్బట్ల పైపిండికి దగ్గరగా రావాలి. చిన్న ముద్ద తీసి రెండు చేతులతో పల్చగా సాగదీసి వెలుతురుకి పట్టుకుంటే, చిరగకుండా వెనక వేళ్ళ నీడ కనబడాలి. ముందే చిరిగితే ఇంకో మూడు నిమిషాలు. తర్వాత రెండు గిన్నెల్లోకి పంచి, నూనె రాసి, బుజ్జిగాడి ముద్దతోపాటు ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకే గిన్నెలో ఉంటే మధ్యలో చల్లబడేసరికి గంటలు పడుతుంది, ఈలోగా పొంగి పులిసిపోతుంది. పులిసిన పిండిలో చక్కెరంతా ఈస్ట్ తినేసి ఉంటుంది కాబట్టి ఎంత కాల్చినా పాలిపోయే ఉంటుంది. ఫంక్షన్ ముందురోజు ఫ్రిజ్ నిండా పువ్వులూ పాల ప్యాకెట్లే కదా అంటే, అదే రోజు 5 గ్రాముల ఈస్ట్‌తో కలపండి. మన ఎండలకి గంట, గంటంబావులో రెండింతలవుతుంది. రుచి మాత్రం రాత్రంతా ఉన్న పిండిదే.

సాస్‌కి కిలోంపావు టమాటా, కండ ఎక్కువున్న పొడుగు రకం. ఉడికించి తొక్కతీసి రుబ్బి, వెల్లుల్లి వేగిన నూనెలో 400 గ్రాముల దాకా దగ్గరపెట్టాలి. పళ్ళెంలో చెంచాడు వెయ్యండి. చుట్టూ నీటి ఉంగరం విడిచిందంటే ఇంకా ఉడకాలి. ఇంటి పిజ్జా పాడయ్యేది నూటికి తొంభై సార్లు ఈ నీటి దగ్గరే. పైన చీజ్ కరుగుతుంది, కింద పచ్చిపిండి జిగురుగా ఉండిపోతుంది. ఉల్లి, క్యాప్సికమ్ కూడా పెద్ద మంట మీద రెండు నిమిషాలు వేపి నీరు పోగొట్టాలి. పలాస జీడిపప్పు వేస్తే బద్దలు చీజ్ కిందే ఉండాలి, పైనుంటే మాడిపోతుంది. ఆవకాయ గుజ్జు రాద్దామనే సరదా వద్దు, వేడికి నూనె విడిచి అడుగంతా నానుతుంది.

చీజ్ ఒక్కో పిజ్జాకి 80 గ్రాములు, అంటే 200 గ్రాముల మొజరెల్లా ప్యాకెట్లు మూడు. వెనక పదార్థాల జాబితాలో వెజిటబుల్ ఆయిల్ ఉంటే కొనకండి, అది పాల చీజ్ కాదు. ఈస్ట్‌లో గుడ్డేమైనా ఉందా అని మామ్మ అడుగుతుంది. లేదు, అది శిలీంధ్రం. చీజ్‌కి మాత్రం ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసి తెచ్చుకోండి.

మధ్యాహ్నం రెండింటికి పిండి తీసి 7 ఉండలు చేస్తే ఒక్కోటి 230 గ్రాముల దాకా వస్తుంది. తడిగుడ్డ కప్పి గంట ఉంచండి. వత్తేటప్పుడు రబ్బరులా వెనక్కి లాగితే బలవంతం చెయ్యకుండా పది నిమిషాలు ఆగండి. ఓటీజీలో ఒకసారికి ఒకటే పడుతుంది, ఏడూ సాయంత్రం మొదలుపెడితే చివరి గుంటడు నిద్రపోతాడు. అందుకని మూడింటికే ఫోర్క్‌తో పొడిచి, సాస్ పల్చగా రాసి, 4 నిమిషాలు సగం కాల్చి జాలీ మీద ఆరబెట్టుకోండి. పళ్ళెంలో పెడితే కింద చెమట పడుతుంది. జనం వచ్చాక చీజ్, పైవి వేసి 250లో 7 నిమిషాలు. రెండు రాడ్లూ వేసి, ఖాళీ ఇనప ట్రే లోపలుంచి అరగంట ముందే వేడిచెయ్యాలి. ఓటీజీ 1500 వాట్ల దాకా, పెద్దదైతే ఇంకా పైనే లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి, సీరియల్ లైట్లున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాదు.

కరెంటు పోతే మందపాటి ఇనప దోసె పెనం. సన్న మంట మీద ఒకవైపు కాల్చి తిప్పి, కాలిన వైపు సాస్, చీజ్ వేసి మూతపెట్టి ఆరు నిమిషాలు. మూత ఆవిరి చీజ్ మీద కారకుండా గుడ్డ చుట్టి, కొనలు పైకి ముడెయ్యండి, మంటకి అందకూడదు.

ఇక బుజ్జిగాడి ముద్ద. అడుగుల పండగ కాబట్టి పాదం చెయ్యండి. 55 గ్రాములు అరికాలికి, బొటనవేలికి 5, మిగతా నాలుగు వేళ్ళకి రెండున్నర చొప్పున. వేళ్ళు తడిచేత్తో అంటించి బాగా అదమకపోతే పుట్టగొడుగుల్లా పొంగి ఊడొస్తాయి. పైన ఉప్పులేని టమాటా, ఉడికిన క్యారెట్ గుజ్జు, ఇంట్లో విరిచిన పనీర్ పొడి. 200 డిగ్రీల్లో 9 నిమిషాలు కాల్చి, నెయ్యి రాసి గుడ్డలో చుడితే పైపెచ్చు మెత్తబడుతుంది. వేలంత పొడుగు చీలికలు కోసి, కూర్చోబెట్టి, పక్కనుండి తినిపించండి. స్వీట్‌కార్న్ గింజలు, జీడిపప్పు పలుకులు, సాగే చీజ్ గొంతుకి అడ్డం పడతాయి, అవి వద్దు. ఏడాది నిండకపోతే తేనె చుక్క కూడా పెట్టకండి.

మిగిలిన ముక్కలు మర్నాడు వేడి పెనం మీద పెట్టి, పక్కన నాలుగు నీటిచుక్కలు చిలకరించి రెండు నిమిషాలు మూతపెట్టండి. మైక్రోవేవ్‌లో పెడితే అప్పడాల పిండిలా సాగుతుంది.