థైరాయిడ్ మాత్రా, కాంచనార గుగ్గులూ

నిద్ర సరిపోయినా ఒళ్ళు బరువు, దువ్వెన నిండా జుట్టు, సికాకుళం ఎండలు మండిపోతున్నా నాకేమో చలి, టెస్ట్ చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చెయ్యమని పురమాయించే హార్మోన్) ఎక్కువ... అంటే మెడలో థైరాయిడ్ గ్రంథి మందగించిందని మెదడు కింద పిట్యూటరీ గ్రంథి గట్టిగా అరుస్తోందన్నమాట. తగ్గిన హార్మోన్‌ని భర్తీ చేసే థైరాక్సిన్ మాత్ర మొదలెట్టాక ఆయుర్వేదం డాక్టరమ్మకి కూడా చూపించుకున్నా. కాంచనార గుగ్గులు రాసారు, దేవకాంచనం బెరడు, త్రిఫల, శొంఠి మిరియాలు పిప్పళ్ళు, గుగ్గులు అనే చెట్టు బంక కలిపి చేస్తారు, పూర్వం మెడ వాపులకి ఇచ్చేవారట. పాత గ్రంథాల్లో థైరాయిడ్ అన్న పేరుండదు, మెడ వాపుని గలగండం అంటారు, ఈ మందకొడితనాన్ని కఫం, మందాగ్ని (అరుగుదల మందగించడం) లెక్కన చూస్తారు.

నాకు నచ్చిందేటంటే ఆవిడ థైరాక్సిన్ ఆపమనలేదు. పరగడుపునే వేసుకో, కాఫీ కనీసం అరగంట ఆగి తాగు, కాల్షియం ఐరన్ మాత్రలకి 4 గంటల గ్యాప్ ఇవ్వు అన్నారు. అశ్వగంధ సొంతంగా కొనొద్దన్నారు, అది థైరాయిడ్ హార్మోన్ పెంచొచ్చు, మాత్రతో కలిస్తే గుండె దడ రావొచ్చట. వీడియోల్లో "మాత్ర మానేయండి" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళుమంట నాకు!

మలబద్ధకం తగ్గింది, గుగ్గులు వల్లో నడక వల్లో చెప్పలేను, టీఎస్‌హెచ్ దిగింది మాత్రం మాత్ర వల్లే అని నా లెక్క. డోసు మార్చారు కాబట్టి 6 వారాలయ్యాక మళ్ళీ రక్తం ఇవ్వాలి. థైరాయిడ్‌కి పడదని మా అత్త క్యాబేజీ కొనడమే మానేసింది, ఉడికించి మామూలుగా తింటే ఏటీ కాదత్తా అన్నా వినదు 😄