పిలాటిస్ పరీక్షకు అనాటమీ: రెండోసారి నేను చదివిన తీరు

పిలాటిస్ అనే వ్యాయామ పద్ధతిలో రోల్ అప్ అని ఒకటుంది: వెల్లకిలా పడుకుని, వెన్నును నెమ్మదిగా చుడుతూ లేచి కూర్చోవడం. అది చేస్తున్న ఒకామె సగం లేచేసరికి కాళ్లు గాల్లోకి లేస్తున్నాయి. నడుము దగ్గర గుంట పడుతోంది. ఏ కండరం పట్టు వదిలేసింది? దాని పని ఏ కండరం మీద పడింది?

పోయినేడాది మ్యాట్ ఇన్‌స్ట్రక్టర్ (చాప మీద పిలాటిస్ నేర్పే టీచరు) రాత పరీక్షలో నన్ను ఆపేసిన ప్రశ్న ఇది. సోయాస్ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పన్నెండో థొరాసిక్ (ఛాతీ వెనక) పూస దగ్గర మొదలై, ఐదు లంబార్ (నడుము) పూసల నుంచీ పోగులు కలుపుకుని, తొడ ఎముక లోపలివైపు చిన్న బొడిపెకు అతుక్కుంటుంది. కండరాల పట్టిక మొత్తం కంఠతా వచ్చు. ఆ పట్టికకూ చాప మీద అవస్థ పడుతున్న మనిషికీ ఉన్న సంబంధం మాత్రం తట్టలేదు. అలాంటి ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. తప్పాను. ఈసారి పాసయ్యాను. మధ్యలో ఏం మార్చానో మీకు చెప్పాలని రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష ఇంగ్లీషులో. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో మనవాళ్లు చాలామందికి ఇదే పరిస్థితి. మొదటిసారి నేను ఇంగ్లీషు పేర్లను పేర్లలాగే మింగాను. రెండోసారి ప్రతి కండరం గురించీ ఒకటే నియమం పెట్టుకున్నాను: అది చేసే పని మా పిన్నికి అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితేనే పేజీ తిప్పాలి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మనుషులు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని ఆయన ఎందుకంత పట్టుబట్టారో నాకు ఈ చదువులోనే తెలిసొచ్చింది.

పిన్నిని చాప మీద పడుకోబెట్టి రోల్ అప్ చేయించాను. ఆమె కాళ్లు కూడా లేచాయి. అప్పుడు పుస్తకం తెరిచాను. పొట్ట ముందుండే రెక్టస్ అబ్డామినిస్ కండరం పక్కటెముకల నుంచి కింద ప్యూబిక్ ఎముక (పొత్తికడుపు కిందిది) దాకా నిలువుగా ఉంటుంది. తుంటి కీలును దాటదు. అందుకే తల, భుజాలు, వీపు రెక్కలు లేచేదాకానే దాని సత్తా. ఆపైన లేవాలంటే మొండెం తొడల మీదికి మడవాలి. దానికి తుంటి కీలును దాటే కండరం కావాలి, అదే సోయాస్. పొట్ట కండరాలు పట్టు వదిలితే సోయాస్ తాను పుట్టిన నడుము పూసలనే ముందుకు లాగేస్తుంది. గుంట పడేది అందుకే. మొండెం కాళ్లకంటే బరువు కాబట్టి కాళ్లే పైకి వస్తాయి. ఒక్క సాయంత్రం, ఒక్క పిన్ని, నాలుగు పేజీల పాఠం. మోకాళ్లు కొంచెం వంచి, నెమ్మదిగా లేవమన్నాక కాళ్లు నేల మీదే ఉన్నాయి.

ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ దగ్గర నేను చాలా రోజులు ఆగాను, మీరూ ఆగండి. పొట్ట కండరాల్లో అన్నింటికంటే లోపలిది, పోగులు అడ్డంగా చుట్టి ఉంటాయి. బాలింతకు పొట్ట చుట్టూ కట్టే గుడ్డ గుర్తు తెచ్చుకోండి, అది చేసే పని సరిగ్గా అదే. 'బొడ్డును వెన్నుకు లాగండి' అంటే పిన్ని ఊపిరి బిగబట్టేసేది. 'చీర కుచ్చిళ్లు దోపుకునేటప్పుడు పొట్ట కాస్త లోపలికి తీస్తావు కదా, అంతే' అన్నాను. వెంటనే వచ్చింది, ఊపిరి కూడా ఆగలేదు. 1996లో హోడ్జెస్, రిచర్డ్‌సన్ ప్రచురించిన పరిశోధన ఇక్కడ చదవాల్సిందే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చెయ్యి ఎత్తేటప్పుడు చేతి కండరం కంటే ముందే ఈ కండరం మేలుకుంటుందనీ, నడుము నొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యమవుతుందనీ వాళ్లు చూపించారు. కదలికకు ముందు మధ్యభాగం సిద్ధం కావాలి అనే సెంటరింగ్ సూత్రం నాకు అప్పుడు ఒంటికి ఎక్కింది.

శ్వాస పాఠం రైల్లో నేర్చుకున్నాను. శని, ఆదివారాల క్లాసుల కోసం గుణుపురం నుంచి వచ్చే రైలెక్కి విశాఖ వెళ్లేదాన్ని. కూర్చుని రెండు అరచేతులూ కింది పక్కటెముకల మీద పెట్టుకుంటే చాలు. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే శ్వాస కండరం డయాఫ్రం గొడుగులా ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు కిందికి దిగి చదునవుతుంది, కింది పక్కటెముకలు బకెట్ చెయ్యి లేచినట్టు పక్కలకు లేస్తాయి. పిలాటిస్‌లో మనం అడిగేది ఈ పక్కల వెడల్పునే, ఎందుకంటే పొట్టను ఉబ్బనివ్వకుండా పట్టి ఉంచుతూనే గాలి నిండాలి. వదిలేటప్పుడు పొట్ట లోపలి కండరం సాయానికి వస్తుంది, కష్టమైన కదలికను చాలాసార్లు నిశ్వాసంతో చేయించేది అందుకే. తల లేపి చేతులు పైకీ కిందికీ ఆడిస్తూ చేసే హండ్రెడ్ వ్యాయామంలో ఐదు లెక్కలు పీల్చి, ఐదు లెక్కలు వదిలి, అలా పదిసార్లు. ఆ 100 పూర్తయ్యేలోపు మెడ పట్టేస్తే తల దించేయండి, శ్వాస మాత్రం వదలకండి.

చరిత్రకు ఎక్కువ సమయం పెట్టకండి. ఈ పద్ధతిని తయారుచేసిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టారు, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నిర్బంధంలో ఉన్నారు, తర్వాత న్యూయార్క్‌లో స్టూడియో పెట్టారు, 1967లో పోయారు. తన పద్ధతిని ఆయన కంట్రాలజీ అన్నారు. 1945 నాటి ఆయన పుస్తకంలో 34 మ్యాట్ వ్యాయామాలున్నాయి. ఒక్కటి మాత్రం జాగ్రత్త: ఏకాగ్రత, కంట్రోల్, సెంటరింగ్, ప్రెసిషన్ (కచ్చితత్వం), శ్వాస, ఫ్లో (ఆగకుండా సాగే కదలిక) అనే ఆరు సూత్రాల జాబితా ఆయన రాసింది కాదు. 1980లో ఫ్రీడ్‌మన్, ఐసెన్ అనే రచయితలు ఆయన పద్ధతి నుంచి తీసి అలా పేర్చారు. ఆ ఆరింటినీ వరసగా అప్పజెప్పడం కంటే, ఒక వ్యాయామం తీసుకుని అందులో ఏ సూత్రం తప్పితే ఏ కీలుకు దెబ్బో ఆలోచించడం మేలు.

వీపు రెక్క పాఠానికి మామయ్య ఒప్పుకున్నాడు. ఆయన కొమ్ముతో బొమ్మలు చెక్కుతాడు, రోజంతా మెడ వంచి కూర్చునే పని. గోడను నెట్టమంటే కుడి రెక్క అంచు చొక్కా కింద లేచి కనిపించింది. వీపు రెక్క ఎముకకు మొండెం ఎముకలతో ఉన్న ఎముక లంకె కాలర్ బోన్ ఒక్కటే, మిగిలిన పట్టంతా కండరాలదే. దాన్ని పక్కటెముకలకు అదిమి ఉంచేది సెరేటస్ యాంటీరియర్, పేరుకు అర్థమే రంపపు పళ్లున్నది అని. మామయ్య చేతిలోని రంపం చూశాక ఆ పేరు మళ్లీ మర్చిపోలేదు. 'మామయ్యా, భుజాలు కిందికి లాగొద్దు, గోడను దూరంగా తొయ్యి' అంటే రెక్క సర్దుకుంది.

ప్రాక్టికల్‌లో నాకు ఇచ్చిన క్లయింటు పెద్దావిడ. ముందు ప్రశ్నలు అడిగి తెలుసుకోండి, దీనికి మార్కులుంటాయి. ఎముకలు పలచబడ్డాయని డాక్టరు చెప్పారని ఆవిడ అంది. రోల్ అప్, ముడుచుకుని బంతిలా దొర్లే రోలింగ్ లైక్ ఎ బాల్ రెండూ తీసేశాను. పలచబడ్డ వెన్నుపూసను బరువుతో ముందుకు వంచితే దాని ముందుభాగం నలిగిపోయే ప్రమాదం ఉంది. బోర్లా పడుకుని వీపు కండరాలతో ఛాతీని కొద్దిగా లేపే వ్యాయామం ఇచ్చాను. ఎందుకు మార్చావని ఎగ్జామినర్ అడిగినప్పుడు టెన్షన్ పడకుండా కారణం చెప్పగలిగాను. ఆ పెద్దావిడ తెలుగావిడే. వెల్లకిలా పడుకుని తుంటిని లేపే పెల్విక్ కర్ల్ చేయించినా తుంటిని పైదాకా లేపనివ్వలేదు, న్యూట్రల్ (నడుము సహజ వంపు) నుంచి కాస్త వంచి మళ్లీ దించడమే. దించేటప్పుడు 'వెన్నుపూస అంటాం కదమ్మా, నిజంగా పూసలే అనుకుని ఒక్కొక్కటే చాప మీద పెట్టండి' అన్నాను. పెట్టింది.

కాశీనగరం, పాతపట్నం వైపు ఎవరైనా ఈ పరీక్షకు చదువుతుంటే ఆదివారం పొద్దున్న మా డాబా మీదికి రండి, కలిసి చదువుదాం. చాప తెచ్చుకోండి. ఇంట్లో నడుము పట్టేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకు రండి.